పేరమ్మ ఆకుతోట బేరం

సిరులనిచ్చే పద్మాలయకు ముందుగా మ్రొక్కి, ఆ సిరికి తలవంచని పేరమ్మ కథ చెబుతున్నాను.

కేతభూపాలుడు వేటనుండి మరలుతూ ఒకనాడు పేరమ్మ తమలపాకు తోటలో సేదతీరాడు. తన మేడలో ఎన్నడూ ఎరుగని హాయి అక్కడ కలిగింది. మరునాడే మంత్రిని వెంటబెట్టుకొని, తాంబూలంతో, వేయి బంగారు మాడలతో వచ్చాడు. అమ్మేవారు తమ చేతితో తాంబూలం అందుకొంటేనే ఆ రాజ్యంలో నేల అమ్మకం చెల్లుతుంది.

"తోట నాకియ్యి. ఈ మాడలతో నీకు కావలసిన సుఖం ఎక్కడైనా కొనుక్కోవచ్చు" అన్నాడు రాజు.

పేరమ్మ చేయి చాచలేదు. "ఏలినవారికి ఈ తోటతో ఏం పని?"

"ఇక్కడ నా మనసుకు సుఖంగా ఉంది."

"మాడలతో సుఖం ఎక్కడైనా దొరికేటట్లయితే, వాటితో తమరే మరోచోట కొనుక్కోండి. ఇక్కడ తప్ప దొరకదంటారా, ఈ తోట ఇచ్చేసి ఆ మాడలతో నేనేం కొనుక్కోను?"

"తాంబూలం పట్టవమ్మా. ప్రభువులు నిలుచున్నారు" అని గద్దించాడు మంత్రి.

"నేనూ నిలుచునే ఉన్నాను బాబూ" అంది పేరమ్మ, చేతులు కట్టుకొని.

రాజు మంత్రివైపు తిరిగాడు. "ఈమె ప్రశ్నకు నీవేమైనా జవాబు చెప్పగలవా?"

మంత్రి చాచిన తాంబూలాన్ని వెనక్కి తీసుకొన్నాడు.

"అయితే పల్లకి తిప్పించు" అన్నాడు రాజు.

ఈ కథ విన్నవారి ఇంట సిరి నిలుచుగాక, వారి సుఖానికి ఎవ్వరూ వెలకట్టకుందురుగాక.