ముత్యాలు కంటికి మిరపకాయల పొగ

కనకగిరి రాజు ప్రతాపమల్లుడికి కోపమొస్తే ముందు కేక వస్తుంది, ఆలోచన తర్వాతెప్పుడో తీరిగ్గా వస్తుంది. ఆవేళ నిండు కొలువులో గట్టి కేకే వేశాడు.

"మా ముత్యాలు కన్ను బాగుచేసినవాడికి నా చేతి కంకణం! దిష్టి పెట్టినవాళ్లకి దేశబహిష్కారం!"

ముత్యాలంటే రాజుగారి పిల్లి. కొన్నాళ్లుగా దాని ఎడమకన్ను సగమే తెరుచుకుంటోంది. నీరు కారుతోంది, పుసి కడుతోంది.

ఆస్థాన మాంత్రికుడు భైరవభట్టు మీసం దువ్వుకుంటూ లేచాడు. "దిష్టే మహాప్రభో! దానికి పాలుపోసే ఈ మంగాయి కళ్లు మంచివి కావు. రోజూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేస్తున్నా లాభం లేదు. ఈ మనిషి ఊళ్లో ఉన్నంతకాలం దిష్టి పోదు."

మంగాయి గొల్లుమంది. "అయ్యో మహారాజా! కన్నబిడ్డలా సాకాను. వెళ్లగొడితే ఎక్కడికి పోను?"

కొలువులో నవ్వులు పంచే కూర్మన్నకి ప్రాణం ఉసూరుమంది. వెళ్లి పిల్లి పక్కన చతికిలబడ్డాడు. అది వెలుతురు పడితే మొహం తిప్పేసుకుంటోంది, పంజాతో ఆ ఒక్క కన్నే రుద్దుకుంటోంది. ఒళ్లంతా మిరపఘాటు! కంట్లో ఏదో పడింది, ఆపైన ఈ పొగ. ఆ మాట భట్టుకి చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

కూర్మన్న చేతులు జోడించాడు. "ప్రభూ, పిల్లికే ఇంత దిష్టి తగిలితే భట్టుగారి మాటేమిటి? ఆ వర్చస్సు, ఆ మీసం, ఆ పట్టుశాలువా! ఊరందరి కళ్లూ ఆయన మీదే. ముందు ఆయనకి తీయాలి దిష్టి."

భట్టు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "నిజమే సుమా! ఈమధ్య ఒంట్లో నలతగానే ఉంటోంది."

ఇంకేం, పీట వేశారు. కూర్మన్న గుప్పెడు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో పోసి, కుంపటి తెచ్చి ఆయన ముక్కు కిందే పెట్టాడు. రోజూ పిల్లిని పట్టుకునే భటులే ఆయన్నీ కదలకుండా పట్టుకున్నారు.

భట్టు చదువుతున్న మంత్రం సగంలోనే తెగింది. దగ్గు, తుమ్ములు, ధారలుగా కన్నీళ్లు!

"బాబోయ్, కళ్లు మండిపోతున్నాయి! దిష్టీ లేదు, గిష్టీ లేదు! ఆ పొగ తీసెయ్యండి! నీళ్లతో కడగండి, వైద్యుణ్ణి పిలవండి!"

రాజు తెల్లబోయాడు. "ఏమిటయ్యా ఈ గోల?"

కూర్మన్న నింపాదిగా అన్నాడు.

"ప్రభూ, ఇన్నాళ్లుగా ముత్యాలు మొరపెట్టుకుంటున్నదీ అదే. పాపం, దానికి మ్యావ్ తప్ప మాట రాదు!"

కొలువంతా ఘొల్లుమంది. రాజు కూడా పగలబడి నవ్వి, కుంపటి అవతల పారేయించి పశువైద్యుడికి కబురంపాడు. ఆయన వచ్చి, కాచి చల్లార్చిన నీళ్లతో కన్ను కడిగి, రెప్ప కిందనుంచి సన్నటి గడ్డిపరక ముక్క తీశాడు.

"ఇంకాస్త ఆలస్యమైతే కన్నే పోయేది మహారాజా" అన్నాడు.

మంగాయి పిల్లిని గుండెకి హత్తుకుని ఏడుస్తూనే నవ్వేసింది. రాజు తన కంకణం తీసి కూర్మన్న చేతికి తొడిగాడు. భట్టుగారు మాత్రం ఇంకా తుమ్ముతూనే ఉన్నారు.