పేరు తెలియని కూర

"గురువుగారూ, వండిపెట్టేవాళ్ళు ఒక మంచిమాట కోరుకోవడం తప్పా?"

పెద్దాపురంలో పద్మనాభశాస్త్రిగారి ఇంటి అరుగు మీద, ఒక గురువారం ఉదయం, పాఠం ముగిసి అందరూ పుస్తకాలు మూస్తున్న వేళ హైమవతి ఈ ప్రశ్న అడిగింది. శాస్త్రిగారు హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. వారానికొకసారి పదిమందిని కూర్చోబెట్టుకుని ఉపనిషత్తులు చెప్పేవారు. పన్నెండేళ్ళుగా అక్కడికి వచ్చి, చివరి వరసలో గోడవార కూర్చుని వినిపోయే హైమవతి అంతవరకూ నోరు తెరిచి ఒక్క సందేహమైనా అడిగి ఎరగదు. అందుకే లేవబోతున్నవాళ్ళు కూడా లేవకుండా ఆమె వైపు చూశారు.

ఆ ప్రశ్న ఆమె అప్పటికప్పుడు అనుకుని అడిగింది కాదు. అంతకుముందు ఆదివారం ఆమె పనసపొట్టు కూర చేసింది. లేత పనసకాయ తెచ్చి, చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, వంటింటి గుమ్మంలో కూర్చుని పొద్దున్నంతా తనే కొట్టింది. ఆ ఇంట్లో తినేవాళ్ళు ముగ్గురు. అత్తగారికి పళ్ళు లేవు గనక అన్నీ మెత్తగా ఉండాలి. భర్త కామేశానికి మెత్తబడితే గిట్టదు. కాలేజీ చదువుతున్న కూతురు లహరి కంచంలోంచి కరివేపాకూ ఆవాలూ మిరపకాయ ముక్కలూ ఏరి అంచున పేర్చి, ఆ పని పూర్తికాగానే భోజనం కూడా పూర్తయినట్టు లేచిపోయేది. ఆ ముగ్గురికీ నచ్చేలా వండటం ఇరవై నాలుగేళ్ళుగా హైమవతికి చేతనైనట్టే ఉండేది, చేతకానట్టూ ఉండేది.

ఆదివారం నాడు అత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "పోపు కాస్త మాడినట్టుందే," అంది. కామేశం, "మా పెద్దక్క చేస్తే ఆవ ఘాటు నషాళానికి అంటేది. దీనికి అదేం లేదు," అన్నాడు. లహరి గిన్నె మీద మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూత పెట్టేసి, ఫోన్‌లో నూడుల్స్ తెప్పించుకుంది. సాయంత్రం, మిగిలిన కూర వీధిలో ఆవు ముందు కుమ్మరిస్తే అది మూతి ఆనించి, ఘాటుకి చివ్వున తల విదిలించుకుని నడిచిపోయింది. హైమవతికి నవ్వొచ్చింది. ఘాటు లేదన్న కూరే కదా అనుకుని ఇంకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా అది ఏడుపైపోయింది. ఖాళీ గిన్నె పట్టుకుని వీధిలో ఏడుస్తుంటే ఎవరైనా చూస్తారని పెరట్లోకి వెళ్ళి, ముఖం కడుక్కుని, రాత్రికి చపాతీ పిండి కలిపింది.

ఆ మర్నాటినుంచి పొయ్యి ముందు నిలబడితే చెయ్యి లేచేది కాదు. లేపి వెలిగించేది, వండేది, వడ్డించేది. కాని ఉప్పు చూడటం మానేసింది. చూసినా తెలియడం లేదని రెండు రోజులకి గ్రహించింది. నాలుక మీద ఏది పెట్టుకున్నా ఒకటే. ఇక బతికినన్నాళ్ళూ ఇంతేనా అన్న మాట బియ్యం కడుగుతున్నప్పుడు ఒకసారి, కుక్కరు దింపుతున్నప్పుడు ఒకసారి మనసులో పడేది. ఎవరితోనూ అనలేదు. ఏమని చెప్పుకుంటుంది? మొగుడు తాగడు, కొట్టడు. అత్తగారు గయ్యాళి కాదు. పిల్ల బాగా చదువుతుంది. కూర బాగాలేదన్నారని ఏడుస్తున్నానంటే వినేవాళ్ళు నవ్వుతారు.

అరుగు మీద నవ్వలేదు గాని, జవాబు మాత్రం తొందరగానే వచ్చింది. తహసీల్దారుగా చేసిన జోగారావుగారు గొంతు సవరించుకుని, "అదేమిటమ్మా, ఇన్నేళ్ళు విన్నది ఇదేనా? కర్మ చెయ్యడమే మన వంతు. వంట కూడా యజ్ఞమే అనుకోవాలి. బాగుందంటారా, బాగులేదంటారా అని చూస్తే అది వ్యాపారం అయిపోతుంది," అన్నారు. తతిమ్మావాళ్ళు తలలూపారు. హైమవతి కూడా ఊపింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ ఆమెకి కనిపించలేదు. అయినా పుస్తకం తీసుకుని లేవకుండా అలాగే కూర్చుంది.

శాస్త్రిగారు తల ఊపలేదు. చాలాసేపు ఆమె చేతుల వైపు చూసి, "ఇవాళ మధ్యాహ్నం నాకు వండిపెడతావా తల్లీ?" అన్నారు.

అరుగు మీద అందరూ ఆశ్చర్యపోయారు. శాస్త్రిగారు తిండి అడగడం ఎవరూ ఎరగరు. ఆయన జిహ్వను జయించారని ఊళ్ళో చెప్పుకుంటారు. గురుపూర్ణిమ నాడు విస్తట్లో ఏడు రకాలు వడ్డించినా, ఏడింటినీ అన్నంలో కలిపేసి, మాట్లాడకుండా తిని లేచిపోయేవారు. తీపీ చేదూ ఒకటిగా చూడటమంటే అదీ అని శిష్యులు ఒకరికొకరు చూపించుకునేవారు. రెండేళ్ళ కిందట భార్య శేషమ్మగారు పోయాక మెస్సునుంచి క్యారేజీ వస్తోంది. అందులో ఏముంటే అది.

హైమవతి లోపలికి వెళ్ళింది. వంటింటి తలుపు గడియ బిగిసిపోయి జోగారావుగారు వచ్చి తీయాల్సి వచ్చింది. శేషమ్మగారు గిన్నెలు బోర్లించిన తీరు అలాగే ఉంది, పెద్దదాని పక్కన చిన్నది. పోపులపెట్టెలో ఆవాలూ మినప్పప్పూ పురుగుపట్టి గడ్డకట్టాయి. జోగారావుగారు సంతకెళ్ళి బియ్యం, పప్పూ ఉప్పూ ఆవాలూ చింతపండూ కందా తెచ్చారు. కూర వెతుక్కోనక్కర్లేకపోయింది. పెరట్లో శేషమ్మగారు పెట్టిన బచ్చలి తీగె, నీళ్ళు పోసేవాళ్ళు లేకపోయినా, గోడ పొడుగునా పాకి ఉంది. హైమవతి లేత ఆకులు కోసింది. కంద చెక్కుతుంటే చేతులు దురదపెట్టాయి, చింతపండు నీళ్ళతో కడుక్కుంది. కందా బచ్చలీ ఉడికించి, పులుసు పోసి, దింపాక ఆవపిండి నూరి కలిపింది. అలవాటుగా చిటికెడు అరచేతిలో వేసుకుని నోట్లో పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. ఉప్పు చేతి లెక్కనే వేసింది. ముద్దపప్పు, చారు. అంతే.

మధ్యాహ్నానికి తక్కినవాళ్ళంతా వెళ్ళిపోయారు. శాస్త్రిగారు విస్తరి ముందు కూర్చున్నారు. ఆమె వడ్డించి, గరిటె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఆయన అన్నం కలపలేదు. విస్తట్లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూశారు. తర్వాత కూర మాత్రం కాస్త వేళ్ళతో తీసి నోట్లో పెట్టుకుని కదలకుండా ఉండిపోయారు.

"దీన్ని ఏమంటారమ్మా?"

తనని పరీక్షిస్తున్నారనుకుంది హైమవతి. "కంద బచ్చలండి. ఆవ పెట్టాను."

"కంద బచ్చలి," అన్నారాయన, కొత్త పాఠం వల్లించే పిల్లవాడిలా మెల్లగా. "ఇది మా ఇంట్లో అవుతూ ఉండేది. వారానికోసారో, రెండుసార్లో."

"అవునండి. అమ్మగారు చాలా బాగా చేసేవారు."

"బాగా చేసేదా?" ఆయన తలెత్తారు. "నీకెలా తెలుసు?"

"గురుపూర్ణిమకి తినేవాళ్ళం కదండీ. అరుగు మీద కూర్చుని అందరం అనుకునేవాళ్ళం."

"ఆవిడతో అన్నారా?"

హైమవతి గుర్తుతెచ్చుకోబోయింది. అరుగు మీద అనుకున్న మాట గుర్తుంది. విస్తళ్ళు తీశాక చేతులు కడుక్కుని, శాస్త్రిగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోవడం గుర్తుంది. లోపల పొయ్యి దగ్గర చెమట తుడుచుకుంటున్న శేషమ్మగారు గుర్తున్నారు. ఆ మాట ఎవరైనా అక్కడిదాకా తీసుకెళ్ళారేమో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. తను తీసుకెళ్ళలేదన్నది మాత్రం గుర్తొచ్చింది. ఆవిడ ఉన్న పదేళ్ళలో ఒక్కసారి కూడా.

"ముప్పై తొమ్మిదేళ్ళు తిన్నాను తల్లీ," అన్నారు శాస్త్రిగారు. "పేరు ఇవాళ తెలిసింది."

ఆయన పప్పు విడిగా, చారు విడిగా తిన్నారు. మజ్జిగ అడగలేదు. విస్తరి మడవబోతూ ఆమె వైపు చూసి ఏదో అనడానికి నోరు తెరిచారు. ఆయన పెదవులు కదిలాయి. భాష్యాలన్నీ కంఠస్థమైన ఆ నోటికి, ఒక చిన్న మాట అలవాటు లేక, రాలేదు. లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు. హైమవతి గిన్నెలు తోమి, ఉన్నట్టే బోర్లించి, తలుపు దగ్గరగా వేసి ఇంటికి బయల్దేరింది.

దారిలో ఆమెకి ఒక్కటే తోచింది. శాస్త్రిగారింట్లో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తను అడుగుతుంది. అందులో సిగ్గుపడేదేముంది?

ఆ వేళ సాయంత్రం గుత్తివంకాయ చేసింది. ముగ్గురూ కూర్చున్నాక వడ్డించి, చేతులు కొంగుకి తుడుచుకుని, "ఏమండీ, కూర ఎలా ఉంది?" అంది. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

కామేశం తినడం ఆపి వంకాయని తిప్పి చూశాడు. "ఏం? ఏమైనా తేడా చేశావా?"

"తేడా ఏం చెయ్యలేదు. బాగుందా అని."

"బాగులేకపోతే చెప్తాం కదా!"

"మొదటినుంచీ నువ్వే కదటే వండేది," అంది అత్తగారు, నిజంగానే అర్థంకాక. "ఇప్పుడు కొత్తగా అడగడమేమిటి?"

"అమ్మా, రివ్యూ రాయాలా? ఎన్ని స్టార్లు కావాలి?" అంది లహరి. ముగ్గురూ నవ్వారు. అందులో చెడ్డ బుద్ధి ఏమీ లేదు. ఆ నవ్వులో తనని కూడా కలుపుకుందామనే చూశారు వాళ్ళు. హైమవతి కూడా నవ్వింది. నవ్వి, పెరుగు గిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు తెరిచి, ఎందుకు తెరిచిందో మరిచిపోయి ఆ చల్లటి గాలిలో నిలబడిపోయింది. "పెరుగేదీ?" అని కామేశం కేకేసేదాకా అక్కడే ఉంది. కంచాలు తీసేటప్పుడు చూస్తే వంకాయలన్నీ అయిపోయాయి. లహరి కంచం అంచున కరివేపాకు ఉంది.

మరుసటి గురువారం హైమవతి పాఠం వేళకి గంట ముందే వచ్చింది. శాస్త్రిగారు అరుగు మీద ఒంటరిగా ఉన్నారు. ఆమె ఎదురుగా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు, జరిగిందంతా చెప్పింది. భర్త అన్నదీ, అత్తగారు అన్నదీ, పిల్ల అన్నదీ, అందరూ నవ్వినదీ. చెప్తున్నప్పుడు కళ్ళు తడికాలేదు. అదే ఆమెకి భయంగా అనిపించింది.

"అడిగి చూశానండి," అంది చివరికి. "ఇంక అడగను. వండి పెడతాను, అంతే. ఇలాగే అలవాటైపోతుంది."

శాస్త్రిగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ వచ్చి, దాటి వెళ్ళిపోయాడు.

"మా ఆవిడా అడిగిందమ్మా," అన్నారు. "కాపురానికొచ్చిన కొత్తలో. ఒక్కసారి. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు."