గేదె తప్పిన లెక్క

ఒకప్పుడు గేదెలకు నమలడం తెలీదు. గడ్డి కనిపిస్తే గుటుక్కున మింగేయడమే. ఆ రోజుల్లో మల్లెమొగ్గ అనే గేదె ఉండేది. ఒంటి రంగు చూసి పెట్టిన పేరు కాదులెండి. అది ఓ పూట జొన్నచొప్ప మోపును, కట్టిన తాడుతో సహా మింగేసింది.

కడుపు ఉబ్బిపోయింది. లోపల ఉరుములు మొదలయ్యాయి. దూడ పాలకోసం దగ్గరికి రావడం, ఆ గుడగుడలు వినగానే బెదిరి పారిపోవడం. రెండు రోజులుగా ఆకలితో దూరంగా నిలబడి అరుస్తోంది. మల్లెమొగ్గకు ఏడుపొచ్చింది.

కొండ కింద పేరిందేవి అనే ఆవిడ ఆసనాలు నేర్పేది. శిష్యులకు తనే వండి పెట్టేది. సొరకాయ కూర, పెసరపప్పు, కాస్త నెయ్యి. కారం ఉండదు. తినేటప్పుడు మాటలుండవు. మల్లెమొగ్గ వెళ్లి పంక్తి చివర కూర్చుంది. దూడ కూడా వెనకే వచ్చి దూరంగా నిలబడింది.

"అమ్మా, నా దూడ నా దగ్గరికి రావట్లేదు" అని కష్టమంతా చెప్పుకుంది.

పేరిందేవి దాని ముందు పచ్చగడ్డి పెట్టింది.

"కళ్లు సగం మూసుకో. ముద్దకు ముప్పైరెండుసార్లు నములు. లెక్క పూర్తయ్యాకే మింగాలి."

మల్లెమొగ్గ నమిలింది. పదకొండు దగ్గర చెవి మీద ఈగ వాలింది. చెవి విదిలించింది, లెక్క మరిచిపోయింది, అలవాటుకొద్దీ మింగేసింది.

"ఎన్నయ్యాయి?" అంది పేరిందేవి.

"పదకొండమ్మా. పన్నెండేమో."

"అయితే మళ్లీ మొదలుపెట్టు."

"ముద్ద లోపలికి పోయిందమ్మా."

"పోతే పిలువు" అంది పేరిందేవి, పక్కవాళ్లకు పప్పు వడ్డిస్తూ.

మల్లెమొగ్గ తల వంచి మర్యాదగా పిలిచింది. "ముద్దా, ఒకసారి పైకి రా తల్లీ."

"ఇప్పుడే కదా దిగాను" అంది ముద్ద లోపలినుంచి.

"లెక్క తప్పింది. ఏమీ అనుకోకు."

ముద్ద సణుక్కుంటూ పైకొచ్చింది. ఈసారి పంతొమ్మిది దాకా సాగింది. ఇంతలో కాకి వచ్చి దారి అడిగింది. చెప్పేసరికి ముద్ద మళ్లీ జారిపోయింది. సాయంత్రానికి అది తొమ్మిదిసార్లు ఎక్కి దిగి వెన్నలా మెత్తబడింది. దాని వెనకే పాత చొప్ప, తాడు కూడా వరసకట్టి వచ్చి నమిలించుకున్నాయి.

ఉరుములు ఆగాయి. దూడ మెల్లగా వచ్చి తల్లి కడుపుకు చెవి ఆనించింది. చప్పుడు లేదు. పొదుగు అందుకుని గబగబా తాగింది. అప్పుడు మల్లెమొగ్గ ముప్పైఒకటి దగ్గర ఉంది. దూడ తోక ఊపుతుంటే చూస్తూ ఆ లెక్కా మరిచిపోయింది.

"మళ్లీ నేనేనా?" అంది ముద్ద.

"నువ్వే" అంది మల్లెమొగ్గ సంతోషంగా.

మిగతా గేదెలు దాన్ని చూసి నేర్చుకున్నాయి. అప్పటినుంచే గేదె మింగిన గడ్డిని మళ్లీ పైకి తెచ్చుకుని, కళ్లు సగం మూసుకుని, తీరిగ్గా నెమరు వేస్తుంది. అప్పుడు మీరెంత పిలిచినా పలకదు.