నాలుగో మలుపు దాటిన కారు

సుబోధయ్య గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాణ్ణి ఏదో ఒక పని మీద పంపేవారు, లేకపోతే తానే చెప్పులు తొడుక్కుని బయలుదేరేవారు. కొండవీడు కొండ కింద ఆయన ఆశ్రమం అంటే రెండు రేకుల గదులు, ఒక పందిరి, పది పన్నెండు మంది శిష్యులు, అంతే. కొండ మీదికి పోయే ఘాట్ రోడ్డు ఆ పందిరి ముందు నుంచే వెళుతుంది.

శిష్యుల్లో త్రివిక్రమ్ అనే అతను అంతకుముందు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. మూడేళ్ళ కిందట ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చాడు. వచ్చిన కొత్తలో చాలా హుషారుగా ఉండేవాడు. ఆశ్రమంలో ఉన్న గ్రంథాలన్నీ చదివేశాడు. ఎక్కడ ఏ మాట అడిగినా పుట చూడకుండా అర్థం చెప్పగలిగేవాడు. చదవవలసినవి అయిపోయిన దగ్గర నుంచే అతని ముఖం వాడిపోయింది. పాఠానికి వచ్చి కూర్చునేవాడు గాని, ఎందుకు వచ్చానా అన్నట్టు ఉండేవాడు. గురువుగారు ఇది గమనించారు.

ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున, సరిగ్గా పాఠం వేళకు, పందిరి ముందు నుంచి, సొంతదార్లే విప్పి మార్చుకున్న కార్లు పాతిక దాకా వరసగా కొండ ఎక్కేవి. వాటిలో ఏదీ కంపెనీ నుంచి వచ్చినట్టుగా ఉండేది కాదు. ఒకదానికి చక్రాలు ఉండవలసిన దానికన్నా లావు. ఒకదానికి పైకప్పు కోసేసి గుడారం గుడ్డ కట్టారు. ఇంకొకటి కుంకుడుకాయ రంగులో ఉండి, తలుపులకు మాత్రం పసుపు పూసుకుంది. వాటి మోతకు పాఠం ఆగేది. ఒక ఆదివారం త్రివిక్రమ్‌కు విసుగు పుట్టింది.

"గురువుగారూ, నడిచే కారును విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, వీళ్ళు పొందే ఆనందం ఏమిటి? ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోవడానికే కదా కారు. ఆ పని అది కొన్న రోజునే చేసింది."

సుబోధయ్య గారు పుస్తకం మూసి, రోడ్డు వైపు చెవి పెట్టారు.

"వెనక ఇంకో బండి వస్తున్నట్టుంది. దాన్ని ఆపు, నాయనా. మనమూ కొండ మీదికి పోదాం."

వచ్చింది పాతికేళ్ళ నాటి చిన్న తెల్ల కారు. నడుపుతున్న ఆవిడకు యాభై దాటి ఉంటాయి. ఫిరంగిపురం పోస్టాఫీసులో పని చేసే జోసఫిన్ గారు. విషయం విని ఆవిడ కాస్త ఇబ్బంది పడింది.

"ఎక్కండి అయ్యగారూ, దానికేం. కానీ ముందే చెబుతున్నా. పోయిన నెల ఈ బండి నాలుగో మలుపులో ఆగిపోయింది. పదిమంది కలిసి తోశారు. ఈసారి కూడా ఆగితే పాత ఇనుముకి ఇచ్చేస్తానని మా తమ్ముడు ఇన్నయ్యకు మాటిచ్చాను. మీకు తొందరుంటే ఇందులో ఎక్కకండి."

"మాకేం తొందర తల్లీ," అని గురువుగారు ముందు సీట్లో కూర్చున్నారు. త్రివిక్రమ్ వెనక సీట్లో ఎక్కాడు.

ఆ కారు ఆవిడ తండ్రిది. ఆయన పోయాక రెండేళ్ళు గొడ్ల చావిడిలో పడి ఉంది. ఒక ఆదివారం ఊసుపోక బోనెట్ ఎత్తి చూసింది. లోపల ఎలుకలు తీగలు కొరికేశాయి. అవి మార్చింది. మార్చాక ఇంకేదో సరిగా లేదని తోచింది. అలా మొదలైందట. ఇంజన్ తొందరగా వేడెక్కుతుందని ఏదో పాత వ్యానుకు ఉండే పెద్ద రేడియేటర్ తెచ్చింది. అది ఇందులో పట్టదన్నారు. నెల రోజులు ఆకురాయితో ఇనప పట్టీలు అరగదీసి పట్టించింది. బోనెట్ లోపలి వైపు ఆకాశం రంగు వేసిందని కూడా చెప్పింది.

"లోపలి వైపా? అక్కడ ఎవరు చూస్తారండీ?" అన్నాడు త్రివిక్రమ్.

"నేను చూస్తాను కదండీ," అంది ఆవిడ, ఇందులో అడగవలసింది ఏముందన్నట్టు.

రెండు మలుపులు తేలిగ్గానే దాటారు. ఇరువైపులా సీతాఫలం చెట్లు, వాటి మధ్య నుంచి కింద పొలాలు కనబడుతున్నాయి. మూడో మలుపు తరువాత రోడ్డు నిట్టనిలువుగా లేచింది. జోసఫిన్ గారు ముందుకు వంగింది. గేరు తగ్గించింది. ఇంజన్ మూలుగు మారింది. వేడి చూపించే ముల్లు మెల్లగా ఎర్ర గీత వైపు కదిలింది. నాలుగో మలుపు ఎదురుగా కనబడేసరికి కారు మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతోంది.

"మమ్మల్ని దిగమంటారా?" అని అడిగాడు త్రివిక్రమ్. బరువు తగ్గుతుందని అతని ఆలోచన.

"వద్దు సార్. మిమ్మల్ని దించి ఎక్కితే ఎక్కినట్టు కాదు," అంది ఆవిడ.

స్టీరింగ్ కింద ఇళ్ళల్లో లైటుకు వాడే మామూలు తెల్ల స్విచ్ ఒకటి ఉంది. ఆవిడ దాన్ని నొక్కింది. ముందు వైపు ఏదో పెద్ద గాలి లేచినట్టు ఫ్యాను తిరగసాగింది. ఆ బళ్ళలో ఫ్యాను ఇంజన్ బాగా వేడెక్కాక గాని తిరగదట. అది తిరిగేటప్పటికి ఆలస్యమైపోతోందని నెల రోజుల పాటు ఆలోచించి, ఆవిడే ఆ స్విచ్ పెట్టి, తాను అనుకున్నప్పుడు తిరిగేలా చేసుకుంది. అది పని చేస్తుందో లేదో అంతకు ముందు చూడలేదు. చూడడానికి ఈ మలుపు తప్ప ఇంకో చోటు లేదు.

ముల్లు ఎర్ర గీతను తాకబోయి ఆగింది. కాసేపు అక్కడే ఉంది. కారు మలుపులోకి తిరిగింది. త్రివిక్రమ్ రెండు కాళ్ళతో ముందు సీటు కిందనున్న రేకును నెడుతున్నాడు. తాను నెడుతున్నట్టు అతనికి తెలియదు. గురువుగారు వెనక్కి తిరిగి ఒకసారి చూసి మళ్ళీ ముందుకు తిరిగారు. అంతలో ముల్లు ఒక వెంట్రుక వాసి వెనక్కి జరిగింది. కారు మలుపు దాటింది. ఆ పైన రోడ్డు కాస్త చదును అయ్యేసరికి కారు తేలికపడి, ఎవరో వెనక నుంచి వదిలిపెట్టినట్టు ముందుకు పోయింది.

జోసఫిన్ గారు నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి గురువుగారు నవ్వారు. వాళ్ళిద్దర్నీ చూసి త్రివిక్రమ్ నవ్వాడు. అతను అలా నవ్వి ఏడాది పైన అయి ఉంటుంది. మిగిలిన మలుపులన్నీ వాళ్ళు నవ్వుకుంటూనే ఎక్కారు.

కొండ మీద, ముందు వచ్చినవాళ్ళు కార్లు నిలిపి, రోడ్డు చివర గుంపుగా నిలబడి ఉన్నారు. తెల్ల కారు ముక్కు కనబడగానే చప్పట్లు కొట్టారు. ఒకాయన ఈల వేశాడు. ఇంజన్ ఆపక ముందే నలుగురు బోనెట్ చుట్టూ చేరారు. టైల్స్ పని చేసే మస్తాన్ వలి అనే లావుపాటి మనిషి లోపలికి వంగి, ఆ ఆకాశం రంగు కింద తల పెట్టి, చాలాసేపు చూశాడు.

"ఈ స్విచ్ ఉపాయం ఎవరిది అక్కా?"

"నాదే వలీ."

"నా బండికీ పెట్టుకుంటా. తీగ ఎటు నుంచి లాగావో చెప్పు."

ఆవిడ చెప్పింది. అతను చేతి మీద పెన్నుతో బొమ్మ గీసుకున్నాడు. ఇంకొకాయన ఇంటి నుంచి తెచ్చిన పులిహోర ఆకుల్లో పెట్టి పంచాడు. ఒక ముసలాయన తన కారుకు తానే చెక్కుకున్న వేపచెక్క గేరు పిడి తెచ్చి సుబోధయ్య గారి చేతికిచ్చాడు. ఆయన దాన్ని అరచేతిలో తిప్పి చూసి, "భలే నున్నగా ఉందే," అన్నారు. ముసలాయన ముఖం వెలిగిపోయింది.

జోసఫిన్ గారు ఫోను తీసి తమ్ముడితో మాట్లాడింది. "ఎక్కిందిరా ఇన్నయ్యా. తొయ్యలేదు, ఎవరూ తొయ్యలేదు." అవతల ఏమన్నాడో గాని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

తిరిగి వచ్చి బోనెట్ మూయబోతుంటే త్రివిక్రమ్ దగ్గరకు వెళ్ళాడు.

"అనుకున్నది సాధించారండీ. ఇక దీనికి చెయ్యవలసిన పని లేదు, హాయిగా తిరగడమే."

ఆవిడ మూయబోతున్న బోనెట్‌ను మళ్ళీ ఎత్తింది.

"ఎక్కడి హాయి సార్? వచ్చేటప్పుడు విన్నారా, మూడో గేరు వేసినప్పుడల్లా కీచుమంటోంది. గేర్‌బాక్స్ ఎప్పుడూ విప్పలేదు నేను. అందులో ఏముంటుందో కూడా తెలియదు. వచ్చే ఆదివారం దాని పని పట్టాలి."

చప్పట్లు కొట్టినప్పుడు ఆవిడ ముఖంలో సంతోషం ఉంది. ఈ మాట చెప్పేటప్పుడు అంతకన్నా ఎక్కువ ఉంది. త్రివిక్రమ్ అది చూశాడు. అతనికి ఏదో అర్థమయ్యీ కానట్టుగా ఉంది. గోడ మీద కూర్చుని పులిహోర తింటున్న గురువుగారి దగ్గరికి నడిచి వచ్చాడు.

"కారు కొండ ఎక్కేసింది కదా, గురువుగారూ. తలపెట్టిన పని అయిపోయింది. అయినా ఆవిడ మళ్ళీ విప్పుతానంటోంది. నాకంటే సంతోషంగా ఉంది."

సుబోధయ్య గారు ఆకు మడిచి పక్కన పెట్టారు.

"ఉండదూ మరి. ఆమెకు వచ్చే ఆదివారం ఉంది, నాయనా."