అద్దాలమ్మ బుగ్గల మీది మచ్చలు

ఈ కొండ ఎక్కే ఆడవారు మొదటి మెట్టు దగ్గర ఉన్న వెదురుబుట్టలో తమ చేతి అద్దాలను ఉంచి రావడం ఆచారం. పైన గుహలో వెలసిన అద్దాలమ్మ తల్లి రాతి విగ్రహం కాదు, గోడమీది చిత్తరువు. తల్లి మనవైపు వీపు పెట్టి, జడ ముందుకు వేసుకుని అద్దంలో చూసుకుంటూ ఉంటుంది. ఆమె ముఖం మనకు ఆ అద్దంలోనే కనబడుతుంది. బుగ్గల నిండా ఉన్న చుక్కలను చూసి కొత్తవారు సున్నం రాలిందని జాలిపడతారు. రాలలేదు. ఆ చుక్కల కథే ఈ క్షేత్రం కథ.

పూర్వం ఇక్కడ ఓబన్న అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయన ఏ దేవతను గీసినా చివరికి భార్య కోనమ్మ పోలికే వచ్చేది. "పార్వతైనా కోనమ్మే, లక్ష్మైనా కోనమ్మే. మేము ఎవురికి మొక్కల్ల?" అని ఊరు ఆటపట్టించేది. కోనమ్మ మూతి తిప్పుకున్నా లోలోపల మురిసిపోయేది.

ఒక ఏడు ఊరికి మశూచి వచ్చింది. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకున్నారు. కోనమ్మ బతికి బయటపడింది గాని ముఖం నిండా మచ్చలు మిగిలాయి. ఆమె అద్దాన్ని గోడవైపు తిప్పేసి, కొంగు ముఖం మీదికి లాక్కుని ఇంట్లోనే ఉండిపోయింది. భర్త ఎదుట కూడా కొంగు తీసేది కాదు.

అమ్మవారు శాంతించాక, గుహలో తల్లి బొమ్మ వేయమని పెద్దలు ఓబన్నను కోరారు. భార్యను సంతోషపెట్టాలని ఆయన బొమ్మలో తల్లి చూసుకునే అద్దంలో ఆమె పాత ముఖాన్నే, వెన్నముద్దలా నున్నగా గీశాడు. కళ్ళు దిద్దే ముందు ఆమెను తీసుకువెళ్ళి చూపించాడు. కోనమ్మ చాలాసేపు చూసింది.

"ఈమె ఎవురయ్యా?" అంది. "నన్ను చూడలేక ఈమెను పెట్టుకున్నావా?"

పాపం, మంచి చేయబోయి గుండెలో పొడిచాడు. ఆ మాటతో ఓబన్న కుంచె కింద పెట్టేశాడు.

మర్నాడు తెల్లవారుజామున కోనమ్మకు కల వచ్చింది. గుహ అంతా లేత వెలుగు. ఏటి నీటిలో నీడల్లా గోడలు మెల్లగా కదులుతున్నాయి. తల్లి అటు తిరిగి కూర్చుని జడ అల్లుకుంటోంది. "నా బొట్టు సరింగా ఉందేమో చూడమ్మీ" అంది. కోనమ్మ దగ్గరికి వెళ్ళి అద్దంలోకి తొంగి చూసింది. తల్లి బుగ్గల నిండా తనకున్న మచ్చలే.

"నేను మీ ఇంటికొచ్చి పోయినా. నా అడుగుల్ని మీ ఆయన తుడిచేస్తాడా?" అని తల్లి నవ్వింది. ఆ నవ్వుకు కోనమ్మ ప్రాణం కుదుటపడింది.

పొద్దెక్కాక ఆమె కొంగు భుజాన వేసుకుని నడివీధిలో నడిచింది. ఊరంతా చూసింది. చూస్తే చూడనీ అనుకుంది. భర్తను వెంటబెట్టుకుని కొండెక్కి, ఆయన ఎదుట కూర్చుంది. "పాతది చెరిపేసి, ఉండేది ఉండేట్టు గీయి. ఒగ మచ్చ వదిలినా ఊరుకోను" అంది.

అన్నాళ్ళకు భార్య ముఖం చూసిన ఓబన్న, ఒక్కో మచ్చా దిద్దుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కళ్ళు దిద్దాక బొట్టు మాత్రం ఆమెకే వదిలాడు. కోనమ్మే వేలితో కుంకుమ అద్ది తల్లికి పెట్టింది. అదే కుంకుమ ఓబన్న ఆమె నుదుట దిద్దాడు. అద్దం అవసరం పడలేదు.

ఇప్పటికీ ఈ కొండమీద ఎవరి బొట్టు వారు పెట్టుకోరు. ముక్కూ మొహం తెలియనివారైనా సరే, పక్కవారు ముఖంలోకి నిండుగా చూసి పెడతారు. పెళ్ళి కుదిరిన పిల్లకు కాబోయే అత్త మొదటి బొట్టు ఇక్కడే పెడుతుంది. అలా పెట్టించుకున్నవారి కాపురం చల్లగా ఉంటుందని పెద్దల మాట. దర్శనం చేసుకుని దిగేటప్పుడు చాలామంది బుట్టలోని అద్దాన్ని మరిచిపోతారు. పూజారి చూసి కూడా వెనక్కి పిలవడు.