మసిమూతి అద్దె పలకలు

అనగనగా వెలిగొండల అవతల ఒక పెద్ద అడవి. ఆ అడవిలో పెంకయ్య అనే అలుగు ఉండేవాడు. అలుగంటే తెలుసుగా పిల్లలూ? ఒళ్ళంతా పెంకుటింటి కప్పులా పెంకులుంటాయి. ముందుకాళ్ళకు ఇంతింత గోళ్ళుంటాయి. మన్ను తవ్వడంలో అలుగు తర్వాతే ఎవరైనా.

పగలంతా చీమల పుట్టలు తవ్వి పొట్ట నింపుకోవడం పెంకయ్య పని. సాయంత్రం ఇళ్ళ బొమ్మలు గీసుకోవడం వాడి సరదా. వాగు ఒడ్డున తడి ఇసక మీద గోటితో గీసేవాడు. ఇక్కడ పడకగది, ఇక్కడ చీమగుడ్లు దాచుకునే అర, ఇక్కడ పొద్దుటెండ పడే వసారా. ఎవరికీ కట్టిపెట్టేది లేదు. ఎవరి దగ్గరా ఒక్క గింజ పుచ్చుకునేది లేదు. గీస్తుంటే వాడికి హాయిగా ఉండేది, అంతే.

ఆ ఏడు మాత్రం సరదాకు అవసరం కూడా తోడైంది. భార్య చిప్పమ్మ కడుపుతో ఉంది. వాళ్ళ బొరియ పల్లంలో ఉంది. వానాకాలం వచ్చిందంటే నీళ్ళన్నీ అందులోకే. ఆలోగా మెరక మీద కొత్త బొరియ తవ్వుకోవాలి. అందుకని పెంకయ్య రోజూ ఆ కొత్త ఇంటి బొమ్మే గీసేవాడు. తెల్లారేసరికి ఏ దుప్పో వచ్చి దాన్ని తొక్కిపోయేది. మళ్ళీ మొదటికొచ్చేది.

"ఏమయ్యా, రోజూ గీస్తూనే ఉంటావు. గీతల్లో కాపురం చేద్దామా?" అని నవ్వేది చిప్పమ్మ.

"బొమ్మ కుదరనీ. బొమ్మ కుదిరితే ఇల్లు ఎంతలో పని?" అనేవాడు పెంకయ్య.

ఆ అడవి మధ్యలో ఒక కొండ, ఆ కొండలో ఒక గుహ ఉంది. గుహ నిండా అభ్రకమే. అభ్రకమంటే అద్దంలా మెరిసే రాయి. చీలిస్తే పలచని పలకలుగా వస్తుంది. ఇటునుంచి చూస్తే అటువైపు కనిపిస్తుంది. దాని మీద ఆకుపసరుతో గీస్తే గీత చెక్కు చెదరదు. ఒక పలక మీద గోడలు, ఇంకో పలక మీద గదులు, మరో పలక మీద నీళ్ళు పోయే దారి గీసి, మూడూ కలిపి ఎండకు పట్టుకుంటే ఇల్లంతా ఒక్కసారే కళ్ళముందు నిలబడుతుంది.

ఆ గుహ కొండముచ్చులది. పాతకాలంలో వాళ్ళ పెద్దాయన మంచివాడు. ఒక గంప దుంపలు ఇస్తే ఒక పలకల కట్ట ఇచ్చేవాడు. ఇంటికి తెచ్చుకుంటే అది మనదే. పగిలేదాకా గీసుకోవచ్చు. ఆ పెద్దాయన పోయాడు. కొడుకు మసిమూతి పెత్తనానికి వచ్చాడు. వస్తూనే గుహ ముందు బండ ఎక్కి, తోక పైకెత్తి, చాటింపు వేశాడు.

"వినండహో! ఇకమీదట పలకలు అమ్మం! ఇంటికి ఇవ్వం! ఇక్కడికే వచ్చి గీసుకోండి! వచ్చే పున్నమి దాకా ఊరికే! ఆ తర్వాత పున్నమి పున్నమికీ ఒక్క గంప దుంపలు! ఒక్కటంటే ఒక్కటే గంప!"

కొండముచ్చులకు దుంపలు తవ్వడం రాదు. తినడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. తవ్వే శ్రమ లేకుండా జీవితాంతం తినే దారి కనిపెట్టాడు మసిమూతి. దానికి 'మీ సౌకర్యం కోసం' అని పేరు పెట్టాడు.

ఊరికే అన్న మాట వినగానే పెంకయ్య కాళ్ళు వాటంతట అవే కొండవైపు నడిచాయి. అయినా లోపలికి అడుగుపెట్టే ముందు ఒక మాట అడిగాడు.

"మసిమూతి గారూ, నేను ఇళ్ళు కట్టి బతికేవాణ్ణి కాదండీ. ఏదో సాయంత్రం పూట కాసేపు గీసుకుంటాను. మా ఇల్లు ఒక్కటే. నాలాంటివాళ్ళకు ఓ దోసెడు దుంపలతో సరిపెట్టరా?"

మసిమూతి తల గోక్కున్నాడు. "వడ్రంగిపిట్ట చూడు, ఏడాది పొడవునా చిలకలకు తొర్రలు చెక్కుతుంది. దానికీ ఒక్క గంపే. నీకూ ఒక్క గంపే. నిన్ను తక్కువ చేసి చూడలేదు కదా? సంతోషించు."

"వడ్రంగిపిట్టకు చిలకలు పళ్ళు తెచ్చిస్తాయండీ. నాకెవరిస్తారు?"

"సరే, నీకోసం సరదా పలక ఉంది. దానికి ఏమీ ఇవ్వక్కర్లేదు," అని మసిమూతి ఒక పలక చూపించాడు. అరచేయంత ఉంది. దాని నడిమధ్య మసిమూతి నల్లటి చేతిముద్ర ఉంది. "దీని మీద గోడలు గీయొచ్చు. గుమ్మాలు గీయకూడదు. ముద్ర చెరపకూడదు."

గుమ్మం లేని ఇంట్లో ఎవరుంటారు పిల్లలూ? చీమ కూడా దూరదు. పెంకయ్య ఆ పలకను చూశాడు. పక్కనే వడ్రంగిపిట్ట తళతళలాడే పెద్ద పలక మీద దర్జాగా గీస్తోంది. వాడికి మనసాగలేదు. 'నేనేం తక్కువ? ఒక్క గంపేగా!' అనుకుని పెద్ద పలకల ముందే కూర్చున్నాడు.

మొదట్లో ఎంత బాగుందో! గీసిన గీత తెల్లారినా ఉండేది. దుప్పి తొక్కేది కాదు. పలకలు కలిపి ఎండకు పట్టుకుంటే పడకగది మీదికి వసారా వెలుగు ఎలా వస్తుందో కూడా కనిపించేది. పెంకయ్య ఒళ్ళు మరిచిపోయి గీశాడు. ఇంటికొచ్చి చిప్పమ్మకు చేతులు తిప్పుతూ చెప్పాడు.

"సరే, పలక తీసుకురా, నేనూ చూస్తాను," అంది చిప్పమ్మ.

"బయటికి తేనివ్వరు."

"నీ బొమ్మే కదా?"

పెంకయ్య వినిపించుకోనట్టు అటు తిరిగి పడుకున్నాడు.

పున్నమి వచ్చింది. పెంకయ్య ఒక గంప దుంపలు తవ్వి ఇచ్చాడు. తర్వాతి పున్నమికి మసిమూతి ఇంకాస్త పెద్ద గంప ముందు పెట్టాడు.

"ఇదేంటండీ, గంప పెరిగింది?"

"పలకలన్నిటికీ కొత్త మెరుగు పెట్టించాం. చూడు, పసరు దొప్పలు కుడివైపు ఉండేవి, ఎడమవైపుకి మార్చాం."

"నేను అడగలేదే! కుడివైపే బాగుండేది కదా!"

"బాగున్నదాన్ని ఇంకా బాగుచేయడమే మా పని," అన్నాడు మసిమూతి, దుంప కొరుక్కుంటూ.

ఆ పై పున్నమికి ఇంకో ముచ్చట. పెంకయ్య బొరియలోకి దిగే మెట్లు గీయబోయాడు. ఒక పిల్ల కొండముచ్చు వచ్చి చెయ్యి పట్టుకుంది. "మెట్లకు వేరే గంప అండీ," అంది. మెట్లకు వేరే గంప! రేపు గాలికి ఒక గంప, నీడకు ఒక గంప అంటారేమో. పెంకయ్యకు ఒళ్ళు మండింది. అయినా ఇచ్చాడు. ఎందుకిచ్చాడు? బొమ్మంతా లోపల ఉంది మరి.

ఇక పెంకయ్య బతుకు ఎలా మారిందో వినండి. పొద్దున చీమల కోసం తవ్వేవాడు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా దుంపల కోసం తవ్వేవాడు. గోళ్ళు అరిగాయి. బొమ్మ ముందు కూర్చునే తీరికే లేదు. కూర్చున్నా కళ్ళు మూతలు పడేవి. సరదా అన్న మాట ఎప్పుడో పోయింది.

ఒకరోజు చిప్పమ్మ నవ్వలేదు. గంప నింపుతున్న పెంకయ్య ముందుకొచ్చి నిలబడింది.

"ఏమయ్యా, నువ్వు ఏం చేస్తున్నావో నీకు తెలుస్తోందా? బొరియ తవ్వాల్సిన గోళ్ళతో దుంపలు తవ్వుతున్నావు. ఆ దుంపలు ఇచ్చి బొరియ బొమ్మ చూసుకుంటున్నావు. ఇన్నాళ్ళు తవ్విన తవ్వకం మెరక మీద తవ్వి ఉంటే ఈపాటికి మనం అందులో పడుకునేవాళ్ళం."

జవాబు లేనివాళ్ళందరికీ లాగే పెంకయ్యకూ కోపం వచ్చింది. "నీకు బొమ్మల సంగతి తెలీదు," అని గంప ఎత్తుకుని పోయాడు.

ఆ దారిలోనే ముల్లు గుచ్చుకుని గంప జారిపడింది, దుంపలన్నీ వాగులో పోయాయి, కాలు వాచింది. కొన్నాళ్ళు కదల్లేకపోయాడు. ఆ మధ్యలో పున్నమి వచ్చి వెళ్ళిపోయింది. కుంటుకుంటూ గుహకు వెళ్ళేసరికి గుమ్మానికి అడ్డంగా పెద్ద బండ ఉంది. బండ మీద మసిమూతి కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు.

"గంప రాలేదు," అన్నాడు.

"కాలు బాగాలేదండీ. ఆకాశం చూడండి, మబ్బులు పట్టాయి. ఇల్లు తవ్వుకోవాలి. నా బొమ్మ నాకు ఇచ్చేయండి చాలు."

"బొమ్మ నీదేనయ్యా! కాదన్నదెవరు? పలక మాది. పలక వదిలేసి బొమ్మ తీసుకుపో."

"ఒక్కసారి లోపలికి వెళ్ళి చూసుకుని, గుర్తు పెట్టుకుని వచ్చేస్తాను."

"చూడ్డానికి కూడా గంప. పోయిన పున్నమిది ఒకటి, ఆలస్యానికి ఇంకొకటి."

"అయితే నాకు వద్దే వద్దు. మానేస్తాను."

మసిమూతి పళ్ళికిలించాడు. "మానుకునేవాళ్ళ వాకిలి ఇక్కడ కాదు. కొండకు అవతల పక్క ఉంది. అక్కడుండే మా తమ్ముడు ఎక్కువగా నిద్రలో ఉంటాడు. లేచినప్పుడు అడుగు."

పెంకయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడే ఒక రాతి నీడలో కూలబడ్డాడు. ఆ నీడలో ఇంకొకరు ఉన్నారు. బండప్ప అనే ముసలి ఉడుము. పక్కన వచ్చే పున్నమికి ఇవ్వాల్సిన నిండుగంప ఉంది. బండప్ప కూడా పెంకయ్యలాగే సరదాకు గీసుకునేవాడు.

"లే అల్లుడూ," అన్నాడు బండప్ప. "దుంపలు తవ్వి తెచ్చెయ్యి. మొదట్లో అందరికీ ఇలాగే కోపమొస్తుంది. తర్వాత అలవాటైపోతుంది."

"నువ్వు ఎన్నాళ్ళ నుంచి ఇస్తున్నావు మామా?"

"మసిమూతి వచ్చిన దగ్గర్నుంచీ. ఒక్క పున్నమీ తప్పలేదు. ఎంత ఇల్లు గీశానో తెలుసా! అలాంటి కిటికీ ఈ అడవిలో ఎవరికీ లేదు."

"మరి ఎప్పుడు కట్టుకుంటావు?"

"కట్టడమా?" బండప్ప ఆ మాట ఎప్పుడూ విననట్టు చూశాడు. "తీరికేదీ? దుంపలు తవ్వాలి కదా."

"మరి ఎక్కడ పడుకుంటావు?"

బండప్ప తలతో చూపించాడు. రెండు రాళ్ళ సందు. పైన కప్పు లేదు. కింద బురద.

"మానేయరాదా మామా?"

"ఎలా మానను? ఇన్నాళ్ళు గీసిందంతా లోపలే ఉంది. మానితే అంతా పోదూ?"

పెంకయ్య ఆ ముసలాడి గోళ్ళ వైపు చూశాడు. అరిగి అరిగి మొద్దుబారాయి. తర్వాత తన గోళ్ళు చూసుకున్నాడు.

లేచాడు. మసిమూతి ఇంకా కాళ్ళు ఊపుతూనే ఉన్నాడు.

"ఏం, గంప తెస్తున్నావా?"

"లేదండీ. ఆ బొమ్మ మీరే ఉంచుకోండి. అందులో పడుకోండి, అందులోనే పిల్లల్ని కనండి," అని పెంకయ్య వెనక్కి తిరగకుండా నడిచాడు. మానుకునేవాళ్ళ వాకిలి కోసం కొండ చుట్టూ తిరగలేదు. ఇవ్వడం మానేయడానికి వేరే వాకిలి ఎందుకు?

ఇంటికెళ్ళి చిప్పమ్మ ముందు తలొంచుకుని నిలబడ్డాడు. "బొమ్మ పోయింది," అన్నాడు.

"గోళ్ళున్నాయిగా," అంది చిప్పమ్మ. "పద."

మెరక మీద తవ్వడం మొదలుపెట్టారు. వాడు తవ్వుతుంటే చిప్పమ్మ గట్టున కూర్చుని చెప్పేది. తూర్పున పెద్ద బండ అడ్డొచ్చింది. వసారా కుదరలేదు. పెంకయ్య మనసు చివుక్కుమంది. గదిని పక్కకు తిప్పారు. వంకరగా వచ్చింది. పైకప్పులో ఒక లావుపాటి వేరు కనిపించింది. దాన్ని కొరికేయబోతే చిప్పమ్మ ఆపింది.

"ఉండనీవయ్యా. పిల్ల పట్టుకుని ఊగుతుంది."

పలక మీద ఎంత చూసినా కనిపించని వేరు అది. ఆ సాయంత్రం పెంకయ్యకు చాలా రోజుల తర్వాత తవ్వడంలో హాయి తెలిసింది.

చివరి మట్టి బయటికి తోసిన సాయంత్రమే వాన మొదలైంది. పాత బొరియ కళ్ళముందే మునిగిపోయింది. కొత్త బొరియలో చుక్క దిగలేదు. అక్కడే చిప్పమ్మ బిడ్డను కంది. మెత్తని పెంకుల బుజ్జి అలుగు.

కొన్నాళ్ళకు వానలోనే ఒక కొండముచ్చు గొడుగులా తామరాకు పట్టుకుని వచ్చింది. "మసిమూతి గారు పంపారు. మీరు లేక గుహ బోసిపోయిందట. మళ్ళీ వస్తే రెండు పున్నములకు సగం గంపేనట," అంది.

చిప్పమ్మ బిడ్డను ఒడిలో సర్దుకుంది. "మీ వాడితో చెప్పు నాయనా, దుంపలు కావాలంటే కొండ కింద చాలా ఉన్నాయి, వంగి తవ్వుకోమను," అంది. కొండముచ్చు తామరాకు తిప్పుకుంటూ పోయింది.

మరునాడు గుమ్మం ముందు ఎవరో దగ్గారు. చూస్తే బండప్ప. తడిసి ముద్దయ్యాడు. వణుకుతున్నాడు. పక్కన దుంపల గంప ఉంది.

"లోపలికి రా మామా," అని పెంకయ్య చెయ్యి పట్టి తీసుకొచ్చాడు. పొడి ఆకుల మీద కూర్చోబెట్టాడు. బండప్ప ఇల్లంతా కలియజూశాడు.

"గది వంకరగా ఉందే," అన్నాడు.

"అవును మామా. ఇక్కడే ఉండిపో. వాన తెరిపివ్వగానే పక్కన నీకూ తవ్వుదాం. నేను తవ్వుతాను, నువ్వు ఎలా కావాలో చెప్పు."

బండప్ప కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. వెచ్చని మట్టిని తోకతో తడిమాడు. అంతలోనే బయట మబ్బుల వైపు చూసి లేచాడు.

"ఇవాళ పున్నమి అల్లుడూ. చీకటి పడేలోగా గంప ఇవ్వకపోతే నా కిటికీ పోతుంది."

ఎంత చెప్పినా ఆగలేదు. ఉడుం పట్టంటే అదే మరి. గంప నెత్తిన పెట్టుకుని, ఆ వానలో, ఎన్నడూ చెయ్యి ఆనించి ఎరగని కిటికీ కోసం కొండవైపు నడిచిపోయాడు.

పెంకయ్య చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

"చలిగాలి కొడుతోంది. గుమ్మానికి మట్టి అడ్డం పెట్టనా?" అని అడిగాడు.

"పూర్తిగా మూయకు," అంది చిప్పమ్మ. "ముసలాడు మనసు మార్చుకుంటే ఈ దారినే వస్తాడు."

నీతి: మన సరదాను తీసుకెళ్ళి ఇంకొకరి గుప్పిట్లో పెడితే, చాకిరీ మనకు మిగులుతుంది, సుఖం వాళ్ళకు పోతుంది. పోయినదాని కోసం ఉన్నదంతా పోగొట్టుకోవడం కంటే, వదిలేసి లేచి రావడమే తెలివి.