తెల్ల కూన

దస్తగిరికి ఒకటే గొడవ. శిష్యులమంటూ దర్గాకు వచ్చేవాళ్లలో సగం మంది తిండికోసం వచ్చేవాళ్లేనని, గురువు జమాల్ షా అడ్డమైనవాళ్లనూ రానిస్తున్నాడని.

"ఎవర్ని రానివ్వాలో ఎంచే పని నాకప్పగించండి బాబా," అన్నాడు ఒకరోజు. "దొరగారి వేటకుక్కల కొట్టంలో పదేళ్లు చేశాను. ఏ కూన పనికొస్తుందో, ఏది రాదో పుట్టిన పూటే ఇట్టే చెప్పేవాణ్ణి. మనుషులెంత?"

జమాల్ షా నవ్వి, వచ్చినవాళ్లకు అన్నం వడ్డించడానికి లేచాడు.

ఆ వారమే, కొట్టం నుంచి దస్తగిరి వెంట వచ్చేసిన బీగిల్ జాతి వేటకుక్క ఈనింది. ఐదు కూనలు. మూడు నలుపూ తెలుపూ. రెండు మాత్రం మచ్చన్నది లేకుండా సున్నం కొట్టినట్టున్నాయి. దస్తగిరి ఎవర్నీ అడగలేదు. అలవాటైన చెయ్యి కదా, బక్కెట్టు నిండా నీళ్లు పెట్టుకు కూర్చున్నాడు. గురువు వచ్చేసరికి ఒకదాని పని అయిపోయింది. రెండోది చేతిలో ఉంది.

"రంగులేనివి బాబా. పాలు దండగ," అన్నాడు మామూలుగా.

జమాల్ షా బతికినదాన్ని తీసుకుని తల్లి పొట్టకు ఆనించాడు. చచ్చినదాన్ని తన చేత్తోనే పూడ్చాడు. ముసలాయనది మెత్తటి మనసని దస్తగిరి నవ్వుకున్నాడు. తల్లికుక్క మాత్రం చాలా రోజులు వచ్చి ఆ బక్కెట్టును వాసన చూసి వెళ్లేది.

రెండు నెలలు గడిచాయి. నలుపూ తెలుపూ కూనల నల్ల మొహాల్లోకి గోధుమరంగు దిగింది. తెల్లదాని వంక దస్తగిరి చూడడమే మానేశాడు. ఒక ఉదయం జమాల్ షా దాన్ని తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు. దాని చెవులు పండిన నిమ్మకాయ రంగుకు తిరిగాయి. వీపు మీద కూడా అదే రంగు మచ్చలు తేలాయి.

"ఇది ఆ తెల్లదేనా బాబా?"

"అదే."

"మా కొట్టంలో ఇలాంటిది ఒక్కటీ..." దస్తగిరి ఆగిపోయాడు.

"ఒక్కటీ?"

"చూడలేదు బాబా. పుట్టిన రోజే..."

వాకిట్లో ఎవడో కొత్తవాడు మాసిన బట్టలతో నిలబడి ఉన్నాడు. జమాల్ షా అటు చూపించాడు.

"పోయి ఎంచు నాయనా."

దస్తగిరి లేవలేదు. కూన అతని చేతుల్ని నాకుతూనే ఉంది.